బంతి నెట్లో పడినా గోల్ ఎందుకు ఇవ్వరు? రెఫరీ చూసే వరుస ఇదీ

మీ ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి మీరు రాసినదాంట్లో మూడు గొడవలున్నాయి. ఒకటి: గోలీ పట్టుకునేసరికి బంతి సగానికి పైగా గీత అవతలే ఉంది, అయినా గోల్ ఇవ్వలేదు. రెండు: పక్క గీత నుంచి చేతులతో విసిరిన పొడవాటి త్రో ఎవరికీ తగలకుండా నేరుగా నెట్లో పడితే రెఫరీ గోల్ కిక్ ఇచ్చాడు, అంటే ఎదుటి జట్టు తమ గోల్ ముందు నుంచి తన్నే కిక్. మూడు: గోల్ అని సెంటర్ వైపు చెయ్యి చూపించి, మీవాళ్ళు గంతులేయడం కూడా అయ్యాక, అసిస్టెంట్ జెండా చూసి వెనక్కి తీసుకున్నాడు. మీరు చెప్పిన వివరాలే నిజమైతే మూడింట్లోనూ రెఫరీదే రైటు. చాలా ఏళ్ళు విజిల్ మెడలో వేసుకుని తిరిగినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

గోల్ గురించి చెప్పేది పదో నియమం. బంతి మొత్తం గోల్ గీత దాటాలి, రెండు పోస్టుల మధ్య నుంచి, బార్ కింద నుంచి దాటాలి, గోల్ చేసిన జట్టు ఆ లోపు ఏ తప్పూ చేసి ఉండకూడదు. అంతే. చూసేవాళ్ళందరి కళ్ళూ గీత మీదే ఉంటాయి. రెఫరీ బుర్రలో మాత్రం ఆ ప్రశ్న చిట్టచివర వస్తుంది. అంతకంటే ముందు మూడున్నాయి: ఆ క్షణానికి ఆట నడుస్తోందా, ఆగిందా? ఆట మళ్ళీ మొదలైంది ఎలా, అలా మొదలైన బంతి నేరుగా లోపలికి వెళ్తే చెల్లుతుందా? దాడి చేసిన జట్టు మధ్యలో ఏదైనా తప్పు చేసిందా? ఈ మూడూ దాటాకే గీత సంగతి. గ్రౌండులో జరిగే గోల్ తగాదాలు చాలావరకు ఈ వరుస తెలియక వచ్చేవే.

అయినా మీ మొదటి ప్రశ్న గీత గురించే కాబట్టి అదే ముందు తేల్చేద్దాం.

బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, అంటే అడ్డకొలత సుమారు 22. గోల్ గీత వెడల్పు పోస్టు వెడల్పుతో సమానంగా ఉండాలి, 12 సెంటీమీటర్లు మించకూడదు. ఆ గీత కూడా మైదానంలో భాగమే. కాబట్టి బంతి ఏ కొంచెమైనా గీత మీద ఉన్నంతసేపూ అది మైదానంలో ఉన్నట్టే లెక్క. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. గుండ్రటి బంతి నేలకు ఆనేది ఒక చిన్న చుక్క మేర. దాని పొట్ట ఆ చుక్కకి రెండువైపులా 11 సెంటీమీటర్ల చొప్పున బయటికి ఉంటుంది. అంటే నెట్ వైపున గీత అంచు నుంచి 10 సెంటీమీటర్ల అవతల బంతి నేలకు ఆని, మధ్యలో పచ్చగడ్డి స్పష్టంగా కనిపిస్తున్నా, పై నుంచి చూస్తే దాని పొట్ట ఇంకా గీత మీదే ఉంటుంది. గోల్ కాదు. "మధ్యలో గడ్డి కనపడింది సార్" అని నాతో వాదించినవాళ్ళకి లెక్కే లేదు. గడ్డి కనపడటం సాక్ష్యం కాదని ఒప్పించడం ఎంత కష్టమో!

గాల్లో ఉన్నప్పుడూ ఇదే కొలత. గీత మీద నిలువుగా ఒక అద్దం నిలబెట్టినట్టు ఊహించుకోండి, బంతి మొత్తం దాని అవతలికి పోవాలి. గోలీ ఎక్కడ నిలబడ్డాడన్నది అనవసరం. అతను పూర్తిగా నెట్లోపల ఉండి, చేతులు ముందుకు చాచి బంతిని గీత ఇవతల పట్టుకుంటే గోల్ కాదు. అదే కాళ్ళు మైదానంలో ఉంచి, వెనక్కి వాలి, బంతిని గీత అవతలికి తీసుకెళ్తే గోల్. మీరే "సగానికి పైగా" అన్నారు కాబట్టి మొదటి తగాదా అక్కడితో సరి. ఇంకో మాట: పక్కనుంచి, ఏటవాలుగా చూసేవాడికి బంతి ఉన్నదానికంటే లోపలికి వెళ్ళినట్టు కనిపించొచ్చు. సరిగ్గా గీత వరసలో నిలబడ్డవాడికి తప్ప ఇంకెవరికీ ఇది చెప్పే వీలు లేదు.

పెద్ద ఆటల్లో ఇది ఎంత సన్నటి వ్యవహారమో చూడండి. 2019 జనవరి 3న మాంచెస్టర్ సిటీ, లివర్‌పూల్ ఆడిన మ్యాచ్‌లో సిటీ డిఫెండర్ జాన్ స్టోన్స్ గీత మీద నుంచి బంతిని తన్నేశాడు. బంతి పూర్తిగా దాటడానికి సెంటీమీటరు చిల్లర మాత్రమే మిగిలిందని, బంతి గీత దాటిందో లేదో కెమెరాలతో చూసే గోల్ లైన్ టెక్నాలజీ తేల్చింది. సిటీ 2-1తో గెలిచింది. ఆ సీజన్ చివర్లో సిటీకి 98 పాయింట్లు, లివర్‌పూల్‌కి 97. దీనికి పూర్తిగా ఎదురు సంగతి 2010 ప్రపంచ కప్‌లో జరిగింది. జూన్ 27న జర్మనీ మీద ఇంగ్లాండ్ 1-2తో వెనకబడి ఉండగా ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి బార్‌కి తగిలి, గీత అవతల బాగా లోపల పడి, బయటికి ఎగిరొచ్చింది. రెఫరీ, అసిస్టెంట్ ఇద్దరికీ కనపడలేదు. మ్యాచ్ 4-1తో ముగిసింది. గోల్ లైన్ టెక్నాలజీని అప్పటిదాకా వద్దంటూ వచ్చిన పెద్దల మీద ఈ ఒక్క బంతి తెచ్చిన ఒత్తిడి ఇంతా అంతా కాదు. నియమాలు రాసే ఐఎఫ్ఏబీ 2012 జులై 5న దానికి ఒప్పుకుంది. బంతి మొత్తం దాటిన సెకనులోపే రెఫరీ వాచీ అదిరి చెప్తుంది. అదీ నూటికి నూరుపాళ్ళూ నమ్మదగ్గదేం కాదు. 2020 జూన్ 17న ఆస్టన్ విల్లా గోలీ బంతిని పట్టుకుని గీత లోపలికి వెళ్ళిపోయినా, మనుషులూ పోస్టూ అడ్డుపడి కెమెరాలకు బంతి కనపడక, వాచీ మోగలేదు. షెఫీల్డ్ యునైటెడ్‌కి రావలసిన గోల్ రాలేదు, మ్యాచ్ 0-0.

పక్క గీతలకీ, గోల్ పోస్టుల బయట ఉన్న గీతకీ ఇదే రూలు. 2022 ప్రపంచ కప్‌లో జపాన్ స్పెయిన్ మీద కొట్టిన రెండో గోల్ గుర్తుందా? మితోమా వెనక్కి లాగిన బంతి టీవీలో పూర్తిగా బయట ఉన్నట్టే కనపడింది. పైనుంచి తీసిన ఫొటోలో బంతి అంచు వెంట్రుకవాసి గీత మీద ఉంది. గోల్ నిలబడింది, స్పెయిన్ 2-1తో ఓడింది.

ఇక త్రో. ఆట మళ్ళీ మొదలయ్యే పద్ధతుల్లో కొన్నింటి నుంచి నేరుగా గోల్ చేయొచ్చు, కొన్నింటి నుంచి కుదరదు. కిక్-ఆఫ్, గోల్ కిక్, కార్నర్, డైరెక్ట్ ఫ్రీ కిక్, పెనాల్టీ: ఎదుటివాళ్ళ గోల్లోకి నేరుగా వెళ్తే చెల్లుతుంది. కార్నర్ నుంచి నేరుగా కొట్టేదాన్ని ఒలింపిక్ గోల్ అంటారు. 1924లో అర్జెంటీనా ఆటగాడు ఒంజారి అప్పటి ఒలింపిక్ విజేత ఉరుగ్వే మీద కొట్టిన దగ్గర్నుంచి ఆ పేరు. త్రో-ఇన్, ఇండైరెక్ట్ ఫ్రీ కిక్, డ్రాప్ బాల్ (ఆగిన ఆటని రెఫరీ బంతిని నేలకి వదిలి మొదలుపెట్టడం) నుంచి మాత్రం నేరుగా చెల్లదు. త్రోకీ ఇండైరెక్ట్‌కీ మధ్యలో ఇంకొకరికి, మనవాడికైనా ఎదుటివాడికైనా, తగిలితే చాలు. డ్రాప్ బాల్‌కైతే కనీసం ఇద్దరు ఆటగాళ్ళకు తగలాలి. తగలకుండా ఎదుటి గోల్లోకి పోతే గోల్ కిక్. మీ మ్యాచ్‌లో జరిగింది అదే.

"గోలీ వేలికి తగిలి ఉంటే?" అని అడిగారు. తగిలుంటే గోలే. అందుకే పొడవాటి త్రో నేరుగా గోల్ వైపు వస్తున్నప్పుడు, మధ్యలో ఎవరికీ తగల్లేదని ఖాయమైతే, తెలివైన గోలీ చేతులు వెనక్కి తీసుకుని వదిలేస్తాడు. చెప్పడం తేలిక, గుంపులో నిలబడి ఆ నిబ్బరం చూపించడం కష్టం. 2019 నుంచి ఇంకొకటి చేరింది: గోలీ చేత్తో విసిరిన బంతి నేరుగా ఎదుటి గోల్లో పడినా గోల్ కాదు, గోల్ కిక్. కాలితో తన్నితే మాత్రం చెల్లుతుంది.

మన త్రో మన గోల్లోకే పోతే? ఇది చాలామందికి తెలియదు. ఎదుటివాళ్ళకి కార్నర్ ఇస్తారు, గోల్ ఇవ్వరు. త్రో అనే కాదు, మన ఫ్రీ కిక్, మన గోల్ కిక్, మన కార్నర్, ఏది నేరుగా మన గోల్లో పడినా అంతే. మనకు లాభంగా ఇచ్చినదానితోనే మనకు శిక్ష వేయకూడదన్నది దీని వెనక ఉన్న ఆలోచన. 2002 సెప్టెంబర్‌లో బర్మింగ్‌హామ్ సిటీ మీద ఆడుతూ ఆస్టన్ విల్లా ఆటగాడు మెల్‌బెర్గ్ తన గోలీ ఎంకెల్‌మన్‌కి త్రో వేశాడు. గోలీ కాలితో ఆపబోయాడు, బంతి అతని కాలి కింద నుంచి జారి గోల్లోకి దొర్లిపోయింది. కాలికి తగిలిందా, తగల్లేదా? తగిలితే గోల్, లేకపోతే కార్నర్. తగిలిందని రెఫరీ గోల్ ఇచ్చాడు. తగల్లేదని గోలీ మొత్తుకున్నాడు. ఇన్నేళ్ళయినా దాని మీద మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఇండైరెక్ట్ అయితే రెఫరీ చెయ్యి పైకెత్తి ఉంచాలి. ఆయన ఎత్తడం మర్చిపోయి బంతి నేరుగా లోపలికి పోతే గోల్ కాదు, గోల్ కిక్కూ కాదు, మళ్ళీ తన్నిస్తారు. తప్పు ఆయనది కదా.

తప్పుల దగ్గరికొస్తే, ఫౌల్ సంగతి అందరికీ తెలిసిందే. హ్యాండ్‌బాల్ మాత్రం ఒకటికి రెండుసార్లు మారింది కాబట్టి జాగ్రత్తగా వినండి. ఇప్పుడున్న రూలు: గోల్ కొట్టినవాడి చెయ్యి తగిలి బంతి నేరుగా లోపలికి పోతే, లేదా చేతికి తగిలిన వెంటనే వాడే గోల్ కొడితే, పొరపాటున తగిలినా సరే, చెల్లదు. అదే పొరపాటు వాడి జట్టులో ఇంకొకడి చేతికి జరిగి, ఆ బంతి వీడికి అందితే, వీడు గోల్ కొడితే? చెల్లుతుంది. 2019 నుంచి 2021 దాకా ఇదీ చెల్లేది కాదు. 2021 మార్చి 4న టాటెన్‌హామ్ మీద ఫుల్‌హామ్ చేసిన గోల్‌ని ఇలాగే కొట్టేశారు. టాటెన్‌హామ్ డిఫెండర్ దగ్గర్నుంచి తన్నిన బంతి ఫుల్‌హామ్ ఆటగాడు లెమినా చేతికి తగిలింది. అతను చేసిందేమీ లేదు, చెయ్యి ఒంటికి ఆనించే ఉంది. బంతి అతని జట్టువాడే అయిన మాజాకి అందింది, గోల్. వీఏఆర్, అంటే వీడియో చూసి రెఫరీకి సాయపడే ఏర్పాటు, రద్దు చేయించింది. రూలు ప్రకారం సరే, న్యాయం ప్రకారం ఎవరికీ మింగుడు పడలేదు. చిత్రమేమిటంటే ఆ మర్నాడే ఐఎఫ్ఏబీ వార్షిక సమావేశంలో ఆ వాక్యం మార్చారు. జులై 1 నుంచి అమలైంది. ఫుల్‌హామ్‌కి ఆ గోల్ తిరిగి రాలేదనుకోండి. కావాలని చేత్తో ఆపితే మాత్రం ఎవరు చేసినా తప్పే: 2009లో ఐర్లాండ్ మీద ఫ్రాన్స్ ఆటగాడు హెన్రీ చేత్తో ఆపి అందిస్తే గాలాస్ కొట్టిన గోల్ ఏ ఏటి రూలు ప్రకారమైనా చెల్లకూడదు. ఆ రోజు ఎవరూ చూడకపోవడం వల్ల చెల్లింది.

భుజానికి తగిలితే చెయ్యి కాదు. చంక కింది అంచు వరసకి పైన ఉన్నదంతా భుజం కిందే లెక్క.

ఆఫ్‌సైడ్ (తమవాడు బంతి ఆడే క్షణానికి ఎదుటి డిఫెండర్ల వరస దాటి గోల్ వైపు ఉండటం) గురించి ఇక్కడ రెండు ముక్కలే, అది వేరే పురాణం. గోల్ కిక్, త్రో, కార్నర్ నుంచి నేరుగా బంతి అందుకున్నవాడికి ఆఫ్‌సైడ్ లేదు. ఆఫ్‌సైడ్‌లో ఉన్నవాడి దగ్గరికి బంతి వస్తుండగా డిఫెండర్ దాన్ని తన వశంలో ఉండి ఆడితే ఆ ఆఫ్‌సైడ్ చెరిగిపోతుంది, ఊరికే తగిలి మళ్ళితే చెరగదు. 2021 అక్టోబర్‌లో నేషన్స్ లీగ్ ఫైనల్లో స్పెయిన్ డిఫెండర్ ఎరిక్ గార్సియా సాగిపడి బంతిని తాకితే, అది "ఆడినట్టే" అని ఎంబాపే గోల్ ఇచ్చేశారు. ఆ గోల్‌తోనే ఫ్రాన్స్ కప్పు గెలిచింది. నాకైతే అది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ప్రాణం పెట్టి సాగిపడినవాడికి శిక్ష, ఊరుకున్నవాడికి మేలు! మరుసటి ఏడాది "వశంలో ఉండి ఆడటం" అంటే ఏమిటో విడమర్చి చెప్పారు. సాగిపడి అందీ అందక తాకితే అది కిందకి రాదని అర్థమయ్యేలా.

డిఫెండర్ల తప్పు గోల్‌ని ఆపదు. గీత మీద నిలబడి చేత్తో కొట్టినా బంతి లోపలికే పోతే గోల్ ఇచ్చి, కొట్టినవాడికి పసుపు కార్డు చూపిస్తారు. కానీ చేత్తో ఆపడం కుదిరిపోతే మాత్రం "ఖాయంగా గోలే కదా, ఇచ్చేయండి" అనడానికి లేదు. లోపలికి వెళ్ళని బంతికి గోల్ ఇచ్చే అధికారం ఫుట్‌బాల్ రెఫరీకి లేదు. 2010లో ఘనాతో ఆట చివరి క్షణాల్లో ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ గీత మీద చేత్తో ఆపాడు. ఎర్ర కార్డు, పెనాల్టీ, అంతవరకే. ఘనా ఆటగాడు జ్యాన్ కొట్టిన పెనాల్టీ బార్‌కి తగిలింది, షూటౌట్‌లో ఘనా ఇంటికెళ్ళింది.

ఇప్పుడు అన్నిటికంటే ముందు ప్రశ్న: ఆట నడుస్తోందా? రెఫరీ విజిల్ ఊదాక లోపలికి వెళ్ళిన బంతి ఉత్త బంతి. 1978 ప్రపంచ కప్‌లో బ్రెజిల్, స్వీడన్ 1-1తో ఉండగా చివరి కార్నర్ తన్నారు, బంతి గాల్లో ఉండగానే రెఫరీ ఆట ముగించేశాడు. బ్రెజిల్ ఆటగాడు జీకో తలతో కొట్టి లోపలికి పంపాడు. చెల్లలేదు. రూలు పుస్తకంలో దానికి తప్పు పట్టడానికి లేదు. కానీ కార్నర్ తన్ననిచ్చి మధ్యలో ఊదే రెఫరీని నేను సమర్థించలేను. ఊదదల్చుకుంటే ముందే ఊదు, లేదా బంతి తేలేదాకా ఆగు. పెనాల్టీకి మాత్రం ఆ బెడద లేదు. టైమైపోయినా పెనాల్టీ పూర్తయ్యేదాకా ఆటని పొడిగించాల్సిందే.

విజిల్ ఊదింది ప్రేక్షకుడైతే? 1982 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్‌తో ఆడుతున్న కువైట్ ఆటగాళ్ళు జనంలోంచి విజిల్ వినపడిందని ఆగిపోయారు. ఫ్రాన్స్ ఆటగాడు జిరేస్ గోల్ కొట్టేశాడు. కువైట్ సంఘం అధ్యక్షుడైన షేక్ స్టాండ్లోంచి నేరుగా మైదానంలోకి దిగొచ్చాడు. రెఫరీ గోల్ రద్దు చేశాడు. బయటి విజిల్ ఆటని చెడగొట్టిందని రెఫరీకి అనిపిస్తే ఆట ఆపి డ్రాప్ బాల్ ఇవ్వాలి. అది అప్పటికప్పుడు జరగాలి, షేక్ దిగొచ్చాక కాదు.

బయటి వస్తువు తగిలినా అంతే. 2009 అక్టోబర్‌లో సండర్లాండ్ ఆటగాడు డారెన్ బెంట్ కొట్టిన బంతి, స్టాండ్లోంచి వచ్చి పడిన బీచ్ బాల్‌కి తగిలి దారి మళ్ళి లివర్‌పూల్ గోల్లోకి పోయింది. గోలీ ఒకవైపు, బంతి ఒకవైపు. రెఫరీ గోల్ ఇచ్చాడు, లివర్‌పూల్ 1-0తో ఓడింది. అది ఇవ్వకూడని గోల్, డ్రాప్ బాల్ ఇవ్వాల్సింది. అయితే చిన్న మెలిక: బంతి ఎలాగూ లోపలికి పోతోంది, మధ్యలో కుక్కో ఇంకో బంతో తగిలినా డిఫెండర్లెవరికీ అది అడ్డు కాలేదు, బంతి లోపలికే పోయింది అనుకోండి. అప్పుడు గోల్ ఇవ్వొచ్చు. ఆ అడ్డుపడింది దాడి చేసే జట్టు మనిషైతే మాత్రం కుదరదు.

మీ మూడో ప్రశ్న. గోల్ అని చెయ్యి చూపించినంత మాత్రాన అది రాతి మీద చెక్కినట్టు కాదు. స్పష్టమైన గోల్‌కి అసలు విజిల్ ఊదాల్సిన పనే లేదు. తర్వాతి కిక్-ఆఫ్ పడేదాకా రెఫరీ తన నిర్ణయం మార్చుకోవచ్చు. మంచి రెఫరీ గోల్ ఇచ్చే ముందే ఒకసారి జెండా వైపు చూస్తాడు. మీ మ్యాచ్ రెఫరీ ఆలస్యంగా చూశాడు, అంతే. అయితే గోల్ పడకముందే తొందరపడి గోల్ అని ఊదేస్తే అది వేరే కథ. విజిల్‌తో ఆట ఆగిపోయింది కాబట్టి తర్వాత బంతి లోపలికి పోయినా చెల్లదు, డ్రాప్ బాల్.

ఆట మళ్ళీ మొదలయ్యిందా, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా గోల్ విషయం మారదు. 2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్‌కి మైదానంలో ఆఫ్‌సైడ్ ఇచ్చారు. వీఏఆర్ గదిలో ఆన్‌సైడ్ అని సరిగ్గానే తేల్చారు, కానీ మైదానంలో గోల్ ఇచ్చారనుకుని "చెక్ అయిపోయింది" అని చెప్పేశారు. ఫ్రీ కిక్ తన్నేశాక గదిలో పొరపాటు తెలిసింది. చేసేదేమీ లేకపోయింది.

ఆట ఆగకపోతే మాత్రం వీఏఆర్ చాలా వెనక్కి వెళ్ళగలదు. 2017లో డచ్ సూపర్ కప్‌లో ఫెయెనూర్డ్ ఎదురుదాడిలో గోల్ కొట్టి 2-0 అనుకుంది. అంతకు కొన్ని క్షణాల ముందు అవతలి కొసన, తమ గోల్ ముందున్న పెనాల్టీ బాక్సులో, ఫెయెనూర్డ్ ఆటగాడే ఫౌల్ చేశాడని వీఏఆర్ చెప్పింది. ఆ గోల్ పోయింది, విటెస్‌కి పెనాల్టీ వచ్చింది, స్కోరు 1-1. కళ్ళముందు 2-0 కాస్తా 1-1 అయితే జనం ఏమైపోవాలి!

మీకు పనికొచ్చే చిట్కా ఒకటి. గోల్ ఎందుకు కొట్టేశారో అర్థం కానప్పుడు ఆట ఎలా మళ్ళీ మొదలైందో చూడండి. ఇండైరెక్ట్ ఫ్రీ కిక్ అయితే చాలావరకు ఆఫ్‌సైడ్. డైరెక్ట్ అయితే ఫౌలో చెయ్యో. గోల్ కిక్ అయితే నేరుగా చెల్లని పద్ధతిలో వెళ్ళింది. డ్రాప్ బాల్ అయితే బయటివాటి జోక్యం, లేదా రెఫరీ తొందరపాటు. ఆటే ఆగలేదంటే బంతి గీత దాటలేదని ఆయన అభిప్రాయం.

ఫిర్యాదు చేద్దామా అని కూడా అడిగారు. బంతి దాటిందా, చెయ్యి తగిలిందా లాంటివి రెఫరీ కంటితో తేల్చే సంగతులు, వాటి మీద ఫిర్యాదు నిలబడటం అరుదు. జర్మనీలోనే రెండు రకాలూ జరిగాయి. 1994లో బయర్న్ ఆటగాడు హెల్మర్ బంతిని పోస్టు పక్కనుంచి బయటికి తన్నితే గోల్ ఇచ్చారు, మ్యాచ్ మళ్ళీ ఆడించారు, బయర్న్ 5-0తో గెలిచింది. 2013లో లెవర్‌కూజన్ ఆటగాడు కీస్లింగ్ తలతో కొట్టిన బంతి పక్క నెట్ చిరుగులోంచి లోపలికి దూరితే గోల్ ఇచ్చారు, ఈసారి హాఫెన్‌హైమ్ ఎంత మొత్తుకున్నా మళ్ళీ ఆడించలేదు. రెఫరీ రూలునే తప్పుగా వాడాడని, అంటే త్రో నేరుగా పోతే గోల్ ఇచ్చాడనో మరోటో, చూపించగలిగితే అడగడానికి కాస్త ఆధారం ఉంటుంది. అదీ మీ టోర్నమెంట్ నిబంధనలు ఒప్పుకుంటేనే. మీ మ్యాచ్‌లో అలాంటిదేమీ నాకు కనపడలేదు. మళ్ళీ ఆడేలోపు మాత్రం రెండువైపులా నెట్ల కొక్కేలు, చిరుగులు చూసుకోమని నిర్వాహకులకు చెప్పండి.